వీపు మీద మాసిక

బస్సు వెనక్కి దొర్లి వర్క్‌షాపు మేస్త్రి కాలు విరగ్గొట్టిన రోజున మా డిపో యార్డులో నిజంగా ఉన్నవాళ్ళం ఏడుగురం. విచారణ మొదలయ్యేసరికి సాక్షులు పదిహేడు మంది తేలారు. అందులో ఒకామెకి ఆ రోజు సెలవు. ఇంట్లో పడుకుని ఏం చూసిందో ఆ మహాతల్లికే తెలియాలి.

ఆ వానాకాలమంతా నేను వాళ్ళని చూసి పెదవి విరుస్తూనే గడిపాను. అలా విరిచే హక్కు నాకుందనుకున్నాను మరి. నేను డిపో యూనిఫారం గదిలో దర్జీని. డ్రైవర్లు, కండక్టర్లు, బస్సులు కడిగేవాళ్ళు, అందరి ఖాకీలూ నా బల్ల మీదికే వస్తాయి. చిరిగినవి కుడతాను, ఊడిన గుండీలు పెడతాను, పొట్ట పెరిగినవాళ్ళకి నడుము వదులు చేస్తాను. మనిషి గుమ్మంలోకి వస్తుండగానే భుజాల కొలత చెప్పేస్తాను. తర్వాత టేపు పెట్టి చూసినా అర అంగుళం తేడా ఉండదు. "నీ కళ్ళు కళ్ళు కాదమ్మా" అని నలుగురూ అనేవాళ్ళు. నేను అవునన్నట్టు ఊరుకునేదాన్ని.

మా మరిది కూడా ఆ డిపోలోనే పనిచేసేవాడు. బస్సుని షెడ్డుకి నడిపి తెచ్చి, కడిగి, మళ్ళీ తీసుకెళ్ళి వరసలో నిలబెట్టడం అతని పని. అందరూ అతన్ని 'నిదానం' అని పిలిచేవాళ్ళు. ఒకడు రెండు బస్సులు కడిగేలోపు ఇతను ఒకటి కడిగేవాడు. ఇంట్లోనూ అదే వరస. పొద్దున బయల్దేరేటప్పుడు తలుపు వేసి, గడియ పెట్టి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ గడియ లాగి చూసేవాడు. నేను వీధిలో గొడుగు పట్టుకుని నిలబడి పళ్ళు కొరుక్కునేదాన్ని.

"అది ఎక్కడికీ పోదయ్యా, ఇనుప గడియ" అనేదాన్ని.

"ఒకసారి చూస్తే ఏం పోతుంది వదినా" అనేవాడు.

పెళ్ళయి వచ్చిన నాటినుంచీ అతని నత్తనడక నాకు వెక్కిరింతే. అతను మాత్రం నన్ను పల్లెత్తు మాట అనలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి సన్నగా వాన పడుతోంది. మా యార్డు వర్క్‌షాపు వైపుకి వాలుగా ఉంటుంది. నేను కిటికీ దగ్గర కూర్చుని ఒక కండక్టరు చొక్కాకి గుండీ కుడుతున్నాను. తలెత్తి చూస్తే వరసలో మూడో బస్సులోంచి ఒకతను దిగుతున్నాడు. నావైపు వీపు. ఖాకీ చొక్కా. దిగి, బస్సుల సందులోకి వెళ్ళిపోయాడు. నేను తల దించి దారం తెంపి మళ్ళీ చూసేసరికి ఆ బస్సు వెనక్కి జరుగుతోంది. మొదట మెల్లగా జరిగింది, నేను కేక వేసేలోపు వేగం అందుకుంది. కింద వర్క్‌షాపు ముందు వంగి టైరు చూసుకుంటున్న మేస్త్రిని పడగొట్టి, సగం మీదికెక్కి, గోడకి తగిలి ఆగింది.

అందరం పరిగెత్తాం. బస్సు కిందికి దూరి మేస్త్రిని బయటికి లాగింది మా మరిదే. అతను దూరుతుంటే మిగతావాళ్ళు చుట్టూ చేరి, జాకీ పెట్టండి, కాదు తోయండి, కాదు ఆగండి అని సలహాలిచ్చారు. సలహాలివ్వడంలో మావాళ్ళు ఎప్పుడూ వెనకబడలేదు.

సాయంత్రం మేనేజరు యార్డులో ఉన్నవాళ్ళని పిలిచి అడిగాడు. నా వంతు వచ్చింది.

"ఏం చూశావమ్మా?"

"ఆ బస్సులోంచి ఒకతను దిగాడు సార్. వీపే చూశాను. ఖాకీ చొక్కా."

"ఎవరు?"

"తెలీదు సార్."

"పొడుగా, పొట్టా?"

"మామూలు."

"అంతేనా?"

అంతే. కానీ నా తర్వాత టైమ్‌కీపరు పది నిమిషాలు చెప్పాడు. నెత్తిన టోపీ అన్నాడు, నోట్లో అగ్గిపుల్ల అన్నాడు, కొంచెం కుంటాడన్నాడు. టైమ్‌కీపరు గదికి యార్డు వైపు కిటికీయే లేదు. ఆ తర్వాత క్యాంటీనామె వానకోటు అంది. మేనేజరు వాళ్ళిద్దరికేసి కళ్ళప్పగించి చూశాడు. నాకేసి చూసినప్పుడు మాత్రం, ఇంత పేరున్న కళ్ళు ఇంతేనా అన్నట్టు చూశాడు. ఆ "అంతేనా" నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ రోజు నిజం చెప్పినదాన్ని నేనొక్కదాన్నే. అందుకు సిగ్గుపడినదాన్నీ నేనే.

అనుమానం సహజంగానే మా మరిది మీదికి వచ్చింది. ఆ బస్సు ఆ మధ్యాహ్నం కడిగి నిలబెట్టింది అతనే. హ్యాండ్‌బ్రేకు వేశాననీ, చక్రం కింద చెక్కదిమ్మ పెట్టాననీ, తర్వాత మళ్ళీ ఆ బస్సు ఎక్కలేదనీ అతనన్నాడు. కానీ దిమ్మ అక్కడ లేదు. ఎవరో తీసి, బస్సు ఎక్కి, ఏదో చేసి, బ్రేకు వదిలేసి దిగిపోయారు. ఆ ఎవరో ఎవరన్నదే అసలు ప్రశ్న. దాని మీదే అతని ఉద్యోగం వేలాడుతోంది. పోతే ఈ డిపోలోనే కాదు, మా సంస్థకున్న ఏ డిపోలోనూ గేటు లోపలికి రానివ్వరు.

పదిహేను రోజుల తర్వాత పెద్దాఫీసు నుంచి విచారణాధికారి వచ్చాడు. బక్కపలచని మనిషి, తోలు సంచీ, రెండు నిమిషాలకోసారి తీసి తుడుచుకునే కళ్ళద్దాలు. ముందు మా మరిదిని మేనేజరు గదికి పిలిపించి గంటసేపు ప్రశ్నించాడు. మర్నాడు ఒక్కొక్కరి దగ్గరికీ తనే తిరిగాడు. నా గదిలోకి వచ్చి, కూర్చోమనకముందే నా కుట్టు బల్ల ముందు కూర్చున్నాడు. అక్కడ మడతపెట్టిన చొక్కాలని పక్కకి నెట్టి కాగితాలు పరిచాడు. ఆయన వెంట వచ్చిన గుమాస్తా నిలబడే రాసుకున్నాడు.

"ఆ రోజు మీరు చూసింది చెప్పండి."

చెప్పాను. ఒకతను, ఖాకీ చొక్కా, వీపు.

ఆయన కళ్ళద్దాలు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు. "సరే. వీపు మీద మాసిక ఉన్న ఆ మనిషి బస్సు దిగాక ఎటు వెళ్ళాడు? ఎడమకా, కుడికా?"

నేను కళ్ళు మూసుకుని ఆలోచించాను. ఆలోచించింది ఎడమా, కుడా అన్న సంగతి మాత్రమే.

"కుడికి. కడిగే షెడ్డు వైపు."

"మాసిక పెద్దదేనా?"

"అరచేయంత ఉంటుంది. ఖాకీ కాదు, గోధుమరంగు గుడ్డ."

"అబ్బో. బాగానే గుర్తుందే మీకు."

"నేను వేసిన మాసికేనండి. నా కుట్టు నాకు తెలీదా?"

ఆ మాట అన్నాక గానీ ఆ మాసిక ఎవరి చొక్కా మీదిదో నాకు తట్టలేదు. గోధుమరంగు మాసిక వేసిన చొక్కా డిపో మొత్తానికి ఒక్కటే ఉంది. అది మా ఇంట్లో దండెం మీద ఆరుతోంది. గుమాస్తా అప్పటికే రాసేసి, కాగితం నా ముందుకి జరిపి, సంతకం చెయ్యమని వేలితో చోటు చూపించాడు.

చెయ్యకుండా ఉండొచ్చు. ఒక్క నిమిషం ఆగండి అనొచ్చు. కానీ సొంత మరిదని వెనకేసుకొచ్చింది అనిపించుకోవడం నాకు చిన్నతనం. చూసింది చూసినట్టు చెప్పే మనిషినన్న పేరు నాకు అతని ఉద్యోగం కంటే ఎక్కువైపోయింది. సంతకం చేశాను. అధికారి లేస్తూ, "మీలాంటి సాక్షి ఒక్కరుంటే చాలమ్మా" అన్నాడు. ఆ పొగడ్తకి సాయంత్రం దాకా కడుపు నిండినట్టే ఉంది, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ.

ఇంట్లో నేనేం చెప్పలేదు. ఆ చొక్కా మాత్రం రోజూ కంటపడేది. వానలకి బట్టలు ఆరక వంటింటి దండెం మీదే రెండేసి రోజులు వేలాడేవి. పొయ్యి దగ్గర కూర్చుంటే ఎదురుగా అదే. చూసినప్పుడల్లా యార్డులో ఆ వీపు గుర్తొచ్చేది, గుర్తొచ్చినప్పుడల్లా ఆ వీపు మీద మాసిక మరికాస్త స్పష్టంగా కనిపించేది. వారం తిరిగేసరికి, వాన చినుకులు పడి ఆ గోధుమరంగు చదరం తడిసి నల్లబడటం కూడా నాకు కనిపించింది. కిటికీకీ ఆ బస్సుకీ మధ్య నలభై గజాల దూరం. చినుకులు కనిపించాయట నాకు.

ఈలోపు నేను చెప్పింది డిపో అంతా పాకింది. ఒక మధ్యాహ్నం టీ తాగడానికి వెళ్తే క్యాంటీనామె నా చెవి దగ్గరికి వంగింది.

"ఆ మాసిక నేనూ చూశానక్కా. నీ మరిది కదా అని నోరు మెదపలేదు."

"వానకోటన్నావు కదా."

"వానకోటు లోపల."

టైమ్‌కీపరు టోపీ తీసెయ్యలేదు. టోపీ కింద మాసిక చేర్చుకున్నాడు, అంతే. వీళ్ళ బతుకులకి ఒక రోజు మాటకీ ఇంకో రోజు మాటకీ పొంతన ఉండదు కదా అని నవ్వుకున్నాను. నా మాట కూడా మారిందని నాకు గుర్తే లేదు. మొదటి రోజు సాయంత్రం మేనేజరు ముందు ఏం చెప్పావని ఎవరైనా అడిగి ఉంటే, మాసిక సంగతి అప్పుడే చెప్పానని ఒట్టు వేసి ఉండేదాన్ని.

అసలు విచారణ డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే గదిలో జరిగింది. బెంచీలన్నీ గోడకి చేర్చి మధ్యలో బల్ల వేశారు. అధికారి, మేనేజరు, గుమాస్తా ఒకవైపు. మా మరిది ఎదురుగా నిలబడ్డాడు. అదే చొక్కా వేసుకొచ్చాడు. ఉన్నవి రెండే జతలు, రెండోది ఆరలేదు.

నేను చెప్పాల్సింది చెప్పాను, వానకి తడిసి నల్లబడ్డ చదరంతో సహా. తడబడకుండా చెప్పాను. అతను నా వైపు తిరిగాడు.

"వదినా, నువ్వు చూశావా?"

"చూశాను."

"నన్ను చూశావా, మాసికని చూశావా?"

"రెండూ ఒకటే కదయ్యా."

అతను నేల చూస్తూ ఆలోచించాడు. నోట మాట రావడానికి అతనికి ఎప్పుడూ టైము పడుతుంది. అధికారి పెన్ను బల్ల మీద కొడుతున్నాడు. చివరికి, "ఆ చొక్కా ఆ రోజే చిరిగింది సార్" అన్నాడు. "మేస్త్రిని లాగేటప్పుడు బస్సు కింద తగులుకుని చిరిగింది. మాసిక ఆ తర్వాతే పడింది."

"చిరగడం ఎవరు చూశారు?"

"బస్సు కింద ఎవరుంటారు సార్. నేనూ, మేస్త్రీ."

"మేస్త్రి ఆ రోజు స్పృహలో లేడని రాసి ఉంది." అధికారి నా వైపు తిరిగాడు. "మాసిక ఎప్పుడు వేశారమ్మా మీరు?"

నిజంగా నాకు గుర్తు లేదు. రోజుకి ముప్ఫై చొక్కాలు చేతులు మారతాయి. ఏ చిరుగు ఏ రోజున కుట్టానో ఎవరికి గుర్తుంటుంది? గుర్తు లేదని అనొచ్చు. అలా అనడానికి నేను ఎవరిని, క్యాంటీనామెనా?

"అంతకుముందే వేసి ఉంటాను సార్."

"ఉంటాను అంటే?"

"ముందే వేసి ఉండాలి కదా సార్. లేకపోతే ఆ రోజు నేనెలా చూస్తాను?"

గదిలో అందరూ తలలూపారు. ఆ మాటలో ఎంత తెలివుందో అందరికీ కనిపించింది. అందులో ఉన్న తెలివితక్కువతనం కనిపెట్టింది ఒక్క మా మరిదే. అతను మాట కూడదీసుకునేలోపే అధికారి కాగితాలు సర్దేసుకున్నాడు.

నాలుగో రోజున ఉద్యోగం తీసేసిన కాగితం ఇంటికే వచ్చింది. అతను రెండుసార్లు చదివి, మడతపెట్టి, జేబులో పెట్టుకుని, ఊళ్ళో ఆ చివర ఒక గది చూసుకొస్తానని వెళ్ళాడు. వదిన వండింది తినలేనని అనలేదు. అలాంటి మాటలు అతని నోట రావు. ఇంక ఒక్క చూరు కింద ఉండటం మాత్రం కుదరదని నాకూ తెలుసు.

అత్తయ్య తన బట్టలు మూట కట్టుకుంది.

"మీరెందుకు అత్తయ్యా వెళ్ళడం?"

"వాడు వేసిన గడియ రెండుసార్లు చూసుకునే మనిషి" అంది. "ఆ సంగతి నీకు తెలీదా, అమ్మాయ్? రోజూ నవ్వుతావు కదా."

నాకు తెలుసు. పన్నెండేళ్ళుగా రోజూ చూస్తున్నాను. ఆ చూసింది మాత్రం విచారణలో నాకు గుర్తు రాలేదు.

మా ఆయన వడ్రంగి. మాటలు తక్కువ మనిషి, ఆ తర్వాత ఆ తక్కువ కూడా పోయాయి. భోజనం చేస్తూ ఒకరోజు, "ఆ చక్రం దిమ్మ వాడికి చేసిచ్చింది నేనే. టేకు ముక్క" అన్నాడు. ఆ రోజు నుంచీ తిన్న కంచం తనే కడుక్కోవడం మొదలుపెట్టాడు. నాలుగు కంచాల ఇంట్లో రెండు కంచాలు మిగిలాయి. అందులో ఒకటి నేను ముట్టుకోనక్కర్లేదు.

వానలు వెనకబట్టాక, ఒక ఎండ పూట మేస్త్రి చంకల కింద కర్రలు పెట్టుకుని నా గదికి వచ్చాడు. ఎడమకాలు తొడ దాకా కట్టు. నడుముకి లుంగీ.

"అమ్మాయ్, నా పాత ప్యాంటు నీ దగ్గరే ఉందటగా. ఆసుపత్రివాళ్ళు డిపోకి పంపేశామన్నారు."

"అది కోసేశారు మేస్త్రీ. పనికిరాదని చెత్తగుడ్డల సంచీలో పడేశాను."

"కోసింది ఒక కాలే కదా. ఆ పక్కన కట్టు పట్టేట్టు గుండీలు పెట్టివ్వు. కొత్త ప్యాంటు ఇచ్చేసరికి మళ్ళీ వానలు వస్తాయి. లుంగీతో ఆఫీసుకి పోతే ఆ మేనేజరు మనిషిని చూసినట్టు చూడడు."

సంచీ బోర్లించాను. మేస్త్రీలకి మా డిపోలో గోధుమరంగు ప్యాంట్లు ఇస్తారు. అడుగున దొరికింది. ఆసుపత్రి కత్తెర ఎడమకాలుని తొడ దాకా చీల్చేసింది. పట్టుకుని దులిపితే కుడికాలు విచ్చుకుంది. మోకాలి కింద వెనకవైపు, అరచేయంత చదరంగా ఒక కన్నం. అంచులు తిన్నగా, నా కత్తెర కోతలా ఉన్నాయి.

"ఈ కన్నమేంటి?" అన్నాడు మేస్త్రి. "ఈ కాలు వాళ్ళు ముట్టుకోలేదే."

"నేనే కోశాను. ఆ వారం ఖాకీ గుడ్డ రాలేదు. ఒక చొక్కాకి మాసిక వెయ్యాల్సి వచ్చి."

చెప్తూ చెప్తూ ఆగిపోయాను. ఈ ప్యాంటు వేసుకునే కదా మేస్త్రి ఆ బస్సు కింద పడ్డాడు. ఇది ఆసుపత్రికి వెళ్ళి, అక్కడ చీలి, ఉతుకుపడి, కాగితం సంచీలో నా బల్ల మీదికి వచ్చాక కదా నేను కత్తెర పెట్టింది.

"ఎవరి చొక్కాకి వేశావు?"

"మా మరిదికి."

"పోనీలే, వాడికైతే ఫరవాలేదు" అన్నాడు మేస్త్రి, స్టూలు మీదికి మెల్లగా ఒరుగుతూ. "నన్ను లాగుతూనే కదా చింపుకున్నాడు. కింద ఏదో బోల్టుకి పట్టుకుని పర్రున చిరిగింది. నా చెవి పక్కనే."

"మీకు స్పృహ లేదన్నారు."

"లేకేం. కాలు విరిగింది గానీ చెవులు విరగలేదు కదా."

"మరి ఎందుకు చెప్పలేదు మేస్త్రీ?"

"నన్నెవరు అడిగారు?" అన్నాడు.

గుండీలు పెట్టి అతని ప్యాంటు అతనికిచ్చాను. కన్నం ఉన్న కాలుని మాత్రం మోకాలి దగ్గర కత్తిరించి ఉంచుకుని, అక్కడ ఖాకీ గుడ్డ అతికాను. రెండు రంగుల ప్యాంటు చూసుకుని అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు సెలవు పెట్టి పెద్దాఫీసుకి వెళ్ళాను. విచారణాధికారి బల్ల మీద టీ గ్లాసు కింద కూడా ఒక ఫైలు ఉంది. ప్యాంటు కాలు పరిచి సంగతంతా చెప్పాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"ఆ ఫైలు మూసేశామమ్మా."

"మాసిక సంగతి మీకు ఎవరు చెప్పారు సార్?"

"మీరే." ఫైలు తెప్పించి చదివాడు. "వీపు మీద మాసిక గల వ్యక్తి బస్సు దిగి కుడివైపునకు వెళ్ళెను. సదరు మాసికను నేనే వేసితిని. ఇదిగో మీ సంతకం."

"మాసిక అన్న మాట ముందు మీ నోట వచ్చింది. మీరు అడిగారు. ఆ ప్రశ్న ఏదీ?"

"ప్రశ్నలు రాయం. జవాబులే రాస్తాం."

"మరి మీకెలా తెలుసు?"

"అంతకుముందు రోజు అతన్ని ప్రశ్నించి పంపించేటప్పుడు చూశాను. వెనక్కి తిరిగి వెళ్తుంటే వీపు మీద కనిపించింది. గుర్తుకి పనికొస్తుంది కదా అని అడిగాను." ఏమాత్రం తడుముకోకుండా, పెన్ను అరువిచ్చినంత తేలిగ్గా చెప్పాడు. అంటే ప్రమాదం అయిన పదిహేను రోజులకి తను చూసిన మాసికని, ప్రమాదం నాటి వీపు మీద నా చేత కుట్టించాడు. పైగా ఇంకో మాట అన్నాడు. "మాసిక లేదని మీరు అనొచ్చు కదమ్మా. నేనేమీ మీ చెయ్యి పట్టుకుని రాయించలేదే."

ఆ మనిషి మీద నాకు ఎంత అసహ్యం పుట్టిందో చెప్పలేను. చిక్కేమిటంటే, ఆ మాట నిజం.

మేస్త్రి నోటిమాట ఒక్కటీ చాలదట. దెబ్బ తిన్నవాడు తనని లాగినవాడి పక్షమే మాట్లాడతాడట. మాసిక చూశామన్న సాక్షుల్లో నాతోపాటు కనీసం ఇద్దరు మాట వెనక్కి తీసుకుంటే ఫైలు మళ్ళీ తెరుస్తానన్నాడు. డిపోకి వచ్చి క్యాంటీనామె దగ్గరికి వెళ్ళాను. ప్యాంటు కాలు చూపించి, ఆ రోజుకి ఆ మాసిక పుట్టనే లేదని పిల్లలకి చెప్పినట్టు చెప్పాను. ఆమె గ్లాసులు కడుగుతూ విని, నన్ను జాలిగా చూసింది.

"మరిది మీద జాలి పుట్టిందక్కా నీకు. ఇంట్లో గొడవ కూడా అయిందటగా. నిన్ను తప్పుపట్టను. కానీ నా కళ్ళతో చూసిందాన్ని చూడలేదని ఎలా చెప్పను?"

"ఏం చూశావు నువ్వు?"

"గోధుమరంగు మాసిక. వానకి తడిసి నల్లబడింది."

నా తడిసిన చదరం. నేను విచారణలో చెప్పిందే, ఆమె నోట.

టైమ్‌కీపరైతే లేచి నిలబడ్డాడు. డబ్బుకీ బంధుత్వానికీ మాట మార్చే రకం నేను కాదమ్మా అన్నాడు. ఆ గదిలో ఉన్నవాళ్ళు నా వైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. ఆ వానాకాలమంతా నేను వాళ్ళని చూసిన చూపు అది. పదిహేడు మందిలో నేను తప్ప ఒక్కరు కూడా మాట వెనక్కి తీసుకోలేదు. ఇంట్లో పడుకున్నామె కూడా.

ఆదివారం మా మరిది దగ్గరికి వెళ్ళాను. ఊరి చివర కార్లు కడిగే చోట పనికి కుదిరాడు. ఒక తెల్ల కారు చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని బ్రష్షుతో రుద్దుతున్నాడు. పక్కనున్నవాడు అప్పటికే రెండోదానికి వెళ్ళిపోయాడు. ఒంటి మీద అదే ఖాకీ చొక్కా. డిపో బిళ్ళ ఊడదీసిన చోట రెండు కన్నాలున్నాయి.

"అటు తిరుగు" అన్నాను.

తిరిగాడు. ప్యాంటు కాలు అతని వీపు మీద పరిచి కన్నాన్ని మాసిక దగ్గరికి జరిపాను. గుడ్డ నేత గీతతో సహా అమరింది. అతనికి చెప్పాను, మేస్త్రి ప్యాంటు సంగతి, అధికారి సంగతి, నాకిష్టమైన అబద్ధాన్ని నేనెలా నమ్మానో ఆ సంగతి. తప్పు చేశానన్నాను. ఆ మాట నేను అంతకుముందు ఎవరితోనూ అన్నదాన్ని కాదు.

అతను చేతిలో బ్రష్షు కడిగి, దులిపి, మళ్ళీ కడిగాడు. ఈసారి నేను తొందరపెట్టలేదు.

"వాళ్ళు మాట మార్చరులే వదినా" అన్నాడు చివరికి. "కానీ ఆ దిగినవాడు ఎవడో నువ్వు చెప్పగలిగితే చాలు. వాడు దొరికితే ఎవరి మాటా అక్కర్లేదు. నీ కళ్ళు మంచివి. మాసిక తీసేసి చూడు. వాడి భుజాలు ఎలా ఉన్నాయి? ఎంత కొలత?"

కళ్ళు మూసుకున్నాను. మనిషి భుజాలు చూసి కొలత చెప్పడం నా పని. కిటికీ వచ్చింది, వాన వచ్చింది, మూడో బస్సు వచ్చింది. దాంట్లోంచి ఒకతను దిగాడు. భుజాలు పద్దెనిమిదిన్నర. మా మరిది కొలత. వీపు మధ్యలో గోధుమరంగు చదరం, తడిసి నల్లబడుతూ. మాసిక పీకేద్దామని చూశాను. దారం తెంపుదామని చూశాను. నేను కుట్టిన కుట్టు, ఎక్కడా వదులు లేదు. దాని కింద ఎవరున్నారో నాకిక ఎప్పటికీ తెలియదు. మొదటి రోజు నాకు తెలిసిన ఆ కాస్తా, ఎవరిదో ఒక ఖాకీ వీపు, అది కూడా ఇప్పుడు నా దగ్గర లేదు.

"తొందరేం లేదు వదినా" అన్నాడు అతను. "నిదానంగా చూడు."

"నువ్వే కనిపిస్తున్నావు" అన్నాను.

అతను తలూపాడు. కోపం లేదు. ప్యాంటు కాలు మడతపెట్టి నా చేతికిచ్చి, గొట్టం చుట్టి పక్కన పెట్టి, కుళాయి కట్టేశాడు. అమ్మ నిన్ను అడుగుతూ ఉంటుంది, ఒకసారి రా అన్నాడు. కారు వైపు నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చి, కుళాయి కట్టానో లేదో మళ్ళీ చూసుకున్నాడు.